కొన్నది ఆమె కాదు

మా నాన్న పుట్టిన తేదీ ఎవరికీ సరిగ్గా తెలీదు, ఆయనకే తెలీదు. ఆయన టోకెన్ నంబరు మాత్రం నన్ను నిద్రలో లేపి అడిగినా చెప్తాను. భిలాయిలో ఉక్కు ప్లాంటు పర్మినెంటు ఉద్యోగి పిల్లలెవరైనా అంతే. ఆసుపత్రి పుస్తకం మీద అదే నంబరు, స్కూలు ఫీజు కార్డు మీద అదే, క్యాంటీన్ కూపన్ మీద అదే. నాన్న తన సైకిల్ మడ్‌గార్డు మీద కూడా తెల్ల పెయింటుతో రాయించుకున్నాడు. ఐదంకెలు. ఆ ఐదంకెలతోనే నేనొక ఆడమనిషి నోట్లో మట్టి కొట్టాను. ఎలా కొట్టానో రాస్తున్నాను. ఎవరినీ క్షమించమని అడగడానికి కాదు.

ఆమెను నేను అత్తా అని పిలిచేదాన్ని. రక్తసంబంధం ఏమీ లేదు. క్యాంప్ 2 బస్తీలో వాళ్లదీ మాదీ ఒకటే గోడ. మా నాన్నదీ వాళ్లదీ శ్రీకాకుళం దగ్గర పక్కపక్క ఊళ్లు, అంతే చుట్టరికం. ఆమె మొగుడు ప్లాంటులో ఠేకేదారు, అంటే కాంట్రాక్టరు, కింద కూలి, నా చిన్నప్పుడే పోయాడు. తర్వాత ఆమె పవర్ హౌస్ అనే పేటలో, బస్టాపు దగ్గర ఇడ్లీ బండి పెట్టుకుంది. మా అమ్మ పోయినప్పుడు నాకు ఎనిమిదేళ్లు. ఆ మర్నాటి నుంచి బడికి జడలు వేసింది అత్తే. బండికి వేళయిపోతుంటే పిండి చేతులు కడుక్కుని వచ్చి, కళ్లు పైకి లాగేసేంత బిగించి వేసేది. నొప్పి అంటే నెత్తిన ఒకటి మొట్టేది.

ఆమె చెయ్యి ఎంత మంచిదో నోరు అంత పొడుగు. నేను భిలాయిలోనే పుట్టాను, హిందీ బడిలో చదివాను, నా తెలుగు ఎప్పుడూ అతుకుల బొంతే. కుళాయి దగ్గర పది మంది ఆడాళ్ల మధ్య నా చేత ఏదో ఒకటి మాట్లాడించి, "ఓలమ్మా, ఈ గుంట తెలుగు ఇంటంటే సైకిల్ గొలుసు ఊడిపోయినట్టుంటాది" అని పడీపడీ నవ్వేది. అందరూ నవ్వేవాళ్లు. నాకు ముక్కు మీద కోపం. ఏడుపు రాకుండా బిందె నింపుకుని వచ్చేసేదాన్ని. ఇరవై రెండేళ్లు వచ్చినా అదే నవ్వు, అదే మాట. ఇదంతా ఎందుకు చెప్తున్నానంటే, నేను చేసిన పనికి పెద్ద కారణమేమీ లేదని తెలియాలి. ఉన్నవి ఇలాంటివే.

తొంభైల మొదట్లో పవర్ హౌస్‌లో అద్దాల తలుపులతో ఒక పెద్ద షోరూం వచ్చింది. బొంబాయి కంపెనీది. ప్లాంటు వాళ్లకు వాయిదాల మీద సామాను ఇచ్చేవాళ్లు. పూచీకత్తు అక్కర్లేదు, టోకెన్ నంబరు చెప్తే చాలు. మరి టోకెన్ లేని ఠేకా కూలీలు, విధవలు, బండివాళ్లు ఏం చెయ్యాలి? క్యాంపులో దానికో పద్ధతి ఉండేది. టోకెన్ ఇవ్వడం అనేవాళ్లు. పర్మినెంటు మనిషి తన నంబరు ఇస్తాడు, లేనివాళ్లు కొనుక్కుంటారు, వాయిదాలు వాళ్లే కట్టుకుంటారు. సగం ఇళ్లలో ఫ్యాన్లూ టీవీలూ పక్కింటాయన నంబరు మీద తిరిగినవే. అది తప్పని ఎవరికీ అనిపించలేదు. నంబరు ఇచ్చినాయన అందుకు గ్లాసుడు టీ కూడా ఆశించేవాడు కాదు.

అత్త అలాగే మా నాన్న నంబరు మీద మిక్సీ కొనుక్కుంది. రుబ్బురోలు దగ్గర నడుం పడిపోతోందని. బిల్లు మీద పేరు రాయలేదు, సేల్స్‌మన్ ఐదంకెలు రాసి ఊరుకున్నాడు. గ్యారంటీ కార్డు మీదా అంతే. ఒక్క వాయిదా కూడా తప్పలేదు ఆవిడ.

ఏడాది తిరక్కుండా ఒక పొద్దున్న బండికని పల్లీ చట్నీ తిప్పింది. బటన్ ఆపింది. మూత తీసి, అడుగున అంటుకున్నది కదపడానికి చెయ్యి పెట్టింది. ఆగిన మిక్సీ తిరిగింది. కుడిచేతి వేళ్లు మూడు పోయాయి, బొటనవేలూ చిటికెనవేలూ మిగిలాయి.

ఆసుపత్రి నుంచి వచ్చాక ఆమె వేళ్ల కోసం ఏడవగా నేను చూడలేదు. ఆమెను తినేసింది వేరే మాట. "ఆపకుండా సెయ్యెట్టీసుంటాది" అని క్యాంపంతా అనుకున్నారు. షోరూం మేనేజరు మొహం మీదే అన్నాడు. కొనేవాళ్లు తగ్గారు, తిక్కమనిషి చేతి తిండి ఎందుకని కొందరు, ఆ చెయ్యి చూడలేక కొందరు. కుళాయి దగ్గర, రేషన్ షాపు దగ్గర, ఎవరు కనబడినా ఆమె ఒకటే చెప్పేది. "నాను ఆపీసినాను. ఆపీసి, మూత తీసి, అప్పుడెట్టినాను సెయ్యి." వాళ్లు సర్లే సర్లే అనేవాళ్లు. చివరికి ఒక కుర్ర వకీలు దొరికితే కంపెనీ మీద దుర్గ్ కోర్టులో దావా వేసింది. నష్టపరిహారం అని కాగితంలో ఏదో అంకె రాశారు గానీ, ఆమెకు కావలసింది జడ్జి ముందు ఆ మిక్సీ ప్లగ్గు పెట్టడం. ఆపిన మిక్సీ తిరుగుతుందని అందరూ చూడాలి. అదొక్కటే.

ఈలోగా నేను హిందీ టైపింగ్ నేర్చుకుని దుర్గ్‌లో ఒక పెద్ద వకీలు దగ్గర కుదిరాను. పవర్ హౌస్‌లో రైలెక్కితే దుర్గ్ ఎంతో దూరం లేదు. చేరిన వారానికే నా బల్ల మీదకు ఒక ఫైలు వచ్చింది. ప్రతివాది ఆ షోరూం కంపెనీ. వాది మా అత్త. మా సాబ్ కంపెనీ తరఫు.

నేను అత్తకు దాచలేదు. చెప్తే సంబరపడిపోయింది. "అత్తా, నేను వాళ్ల పక్క" అని రెండుసార్లు చెప్పాను. "ఏ పక్కయితే ఏటే, కాయితం నీ సేతిలోనే కదా ఉంటాది" అంది. కుళాయి దగ్గర మొదటిసారి నా గురించి గొప్పగా చెప్పుకుంది.

అప్పటినుంచి ఆ కేసులో ప్రతి కాగితం నా వేళ్ల కిందనుంచే వెళ్లింది. సమన్లు హెడ్డాఫీసు చిరునామాకు అందలేదు, మళ్లీ పంపాలి. ప్రతివాది సమయం కోరారు, న్యాయం దృష్ట్యా ఇస్తున్నాం. జవాబు దాఖలుకు చివరి అవకాశం. తర్వాత పేషీకి, అంటే విచారణ రోజుకి, ఇంకో చివరి అవకాశం. ఆ తర్వాత, వకీళ్ల సమ్మె వల్ల, మరొకటి. చివరి అవకాశాలు అన్ని ఉంటాయని నేనక్కడే నేర్చుకున్నాను. మా సాబ్‌కు కేసు గెలవాలన్న తొందర లేదు, అవతలివాళ్లు అలిసిపోతే చాలు. వాయిదా అడిగే కాగితం నాకు ఎంత అలవాటైపోయిందంటే, ఆయన చెప్పకముందే సగం టైపు కొట్టేసేదాన్ని.

అత్త అలిసిపోలేదు. ప్రతి పేషీకీ బండి మూసుకుని, మిక్సీని పాత చీరలో చుట్టి చంకనెత్తుకుని వచ్చేది. ఈ రోజు ప్లగ్గు పెట్టమంటారేమోనని. వరండాలో బెంచీ మీద దాన్ని ఒళ్లో పెట్టుకుని కూర్చునేది. వచ్చినప్పుడల్లా నాకు డబ్బాలో ఇడ్లీలు తెచ్చేది, ఎడమచేత్తో వేసినవి, అంచులు వంకరగా. నేను ఒక్కరోజు కూడా వద్దనలేదు. ఆమెకు ఇంకో నాలుగు నెలలు వాయిదా వేయించే కాగితం మిషన్‌లో పెట్టి, ఆమె ఇడ్లీలు తిన్నాను.

రెండేళ్లు అలా నడిచాక, కుర్ర వకీలు ఎలా ఒప్పించాడో గానీ, కోర్టు ఒక ఆర్డరిచ్చింది. పాలిటెక్నిక్ నుంచి ఒక ఇంజనీరును కమిషనరుగా వేస్తున్నాం, ఆయన రెండు పక్షాల ముందు మిక్సీని పరీక్షించి రిపోర్టు ఇవ్వాలి. అత్త ఆ రోజు కోర్టు బయట అందరికీ జిలేబీ పంచింది. నాకూ ఇచ్చింది.

మా సాబ్ ఆ సాయంత్రం నిప్పులు కక్కాడు. కంపెనీ వాళ్లు ఫోన్లో ఆయన్ను కడిగేశారు, ఆయన నన్ను కడిగాడు. అంతకుముందు కాగితంలో నేను నాలుగు తప్పులు కొట్టాను. "యే టైపింగ్ హై యా మజాక్?" అని, ఇది టైపింగా వేళాకోళమా అని, కాగితాన్ని నా మీదకు విసిరేశాడు. నెలాఖరుకు మగ టైపిస్టును చూసుకుంటానన్నాడు. ముగ్గురు జూనియర్లు చూస్తున్నారు, అందులో ఒకడు నవ్వాడు. నాకు కుళాయి దగ్గర నిలబడినట్టే ఉంది.

ఫైలు నా ముందే తెరిచి ఉంది. బిల్లు పైకి కనిపిస్తోంది. రెండేళ్లుగా ఆ ఐదంకెల్ని ఆఫీసులో అందరూ షోరూం వాళ్ల సీరియల్ నంబరనుకున్నారు. నాకు మొదటిరోజే తెలుసు. దాని మీద ఇంతకాలం నోరు మూసుకున్నాను, ఆ మంచితనం మాత్రం నాకుంది.

"సాబ్," అన్నాను, "ఇది బిల్లు నంబరు కాదు. ప్లాంటు టోకెన్ నంబరు. ఆవిడకు టోకెన్ లేదు. కొన్నది ఆవిడ కాదు."

సాబ్ కళ్లజోడు తీశాడు. మరి ఎవరిదీ నంబరు అన్నాడు. అక్కడైనా ఆగొచ్చు. నాకు తెలీదంటే ఎవరు కాదంటారు? ఆగలేదు. మా నాన్నది అని చెప్పేశాను. "షాబాష్ బేటీ" అన్నాడు ఆయన. నాకు చాలా బాగా అనిపించింది. అబద్ధం ఎందుకు, ఇంటికి వెళ్లేదాకా బాగానే అనిపించింది.

మర్నాడు నేనే కొట్టాను దరఖాస్తు. వాది కొనుగోలుదారు కాదు, కొనని వస్తువు గ్యారంటీ మీద దావా చెల్లదు, ముందు ఇది తేల్చండి, అంతవరకు మిక్సీ పరీక్ష ఆపండి. కోర్టు దాని మీద పద్ధతి ప్రకారమే ఆర్డరిచ్చింది. టోకెన్ గల వ్యక్తి వచ్చే పేషీకి స్వయంగా హాజరై, అఫిడవిట్ ఇచ్చి, దావాలో వాదిగా చేరాలి. చేరకపోతే దావా తిరస్కరిస్తాం. కమిషన్ అప్పటిదాకా నిలుపుదల.

అత్త పరుగున మా ఇంటికి వచ్చింది. "అన్నయ్యా, నువ్వొక్కపాలి వొచ్చి, టోకెన్ నాదే, మిక్సీ దీందే అని సెప్తే సాలట" అంది. నాన్న దానికేం భాగ్యం అన్నాడు. ఆమె వెళ్లాక నేను మొదలుపెట్టాను.

సాబ్ నాకు నేర్పిన మాటలే. టోకెన్ వేరేవాళ్లకు ఇవ్వడం నేరం. కోర్టులో ఒప్పుకుంటే ప్లాంటుకు కాగితం వెళ్తుంది. విజిలెన్స్ వాళ్లు పూఛ్‌తాఛ్ అని పిలిచి ఆరా తీస్తారు. రిటైర్మెంటుకు ఎనిమిది నెలలుంది, చేతికి రావాల్సింది ఆగిపోతుంది. ఇందులో ఒక్కటీ నిజమని నాకు తెలీదు. నిజమో కాదో కనుక్కోలేదు కూడా.

"అదేటే," అన్నాడు నాన్న, "నంబరిచ్చింది నిజివే, కొనుక్కున్నది ఆవిడన్నదీ నిజివే. ఆ ముక్క సెప్పడానికి బయ్యమేటి?"

"నిజం చెప్పినందుకే ఉద్యోగాలు పోతాయి నాన్నా. నేను రోజూ చూస్తున్నాను కోర్టులో" అన్నాను.

ఆయన ముప్పై ఏళ్లు కొలిమి ముందు పనిచేసిన మనిషి. దేనికీ భయపడగా నేను చూడలేదు. కానీ కోర్టు సంగతి కూతురికి తెలుసు, తనకు తెలీదు. వారం రోజులు చెవిలో జోరీగలా అదే చెప్పాను. పేషీ రోజు పొద్దున్న ఆయన సైకిలెక్కి మొదటి షిఫ్టుకు వెళ్లిపోయాడు.

అత్త పది గంటలకే వరండాలో ఉంది. ఒళ్లో మిక్సీ మూట. నన్ను చూడగానే లేచి, "మీ నాన్నేడే?" అంది.

"వస్తాడు" అన్నాను.

ఎందుకన్నానో ఇప్పటికీ నాకు తెలీదు. రాడంటే ఆమె రిక్షా కట్టించుకుని ప్లాంటు గేటు దాకా వెళ్లేదేమో. కుర్ర వకీలు ఇంకో తేదీ అడిగేవాడేమో. వస్తాడనడం వల్ల ఆమె అక్కడే కూర్చుంది, గేటు వైపు చూస్తూ. పదకొండుకు ఒకసారి అడిగింది, పన్నెండుకు ఒకసారి అడిగింది. రెండుసార్లూ వస్తాడనే అన్నాను. మధ్యాహ్నం బంట్రోతు మూడుసార్లు నాన్న పేరు పిలిచాడు. కోర్టు వరండాలో మా నాన్న పేరు అంత గట్టిగా వినపడటం అదే మొదలు. ఎవరూ పలకలేదు.

ఆర్డరు ఐదు లైన్లు. అత్తకు హిందీ చదవడం రాదు. వాళ్ల వకీలు చిన్నబోయి ఎటో వెళ్లిపోయాడు. ఆమె ఆ కాగితం తెచ్చి నా చేతికిచ్చింది. "మిక్సీ ఎప్పుడు సూస్తారట?" అంది.

చదివాను. "కొన్నది నువ్వు కాదట అత్తా. టోకెన్ ఎవరిదో వాళ్లదట మిక్సీ. దావా చెల్లదట."

"నాను కొన్లేదా?" అంది. "మరి నాను ఆపినానా, నేదా? అదేటి రాసినారు?"

దాని గురించి ఏమీ రాయలేదని చెప్పాను. నిజంగానే ఏమీ రాయలేదు.

ఆ ఆదివారం పొద్దున్న ఆమె మా గుమ్మంలోకి వచ్చింది. మూట నాన్న కాళ్ల దగ్గర దించింది. "నీదేనట అన్నయ్యా. కోర్టోలు రాసినారు. నీది నా కాడుంటే బాగోదు" అని వెళ్లిపోయింది. వెటకారం కాదు. కోర్టు చెప్పింది కాబట్టి తెచ్చి ఇచ్చింది.

నాన్న చీర విప్పి, మిక్సీని గట్టు మీద పెట్టి, ఖాళీ జారు బిగించి, బటన్ ఆపి ఉందో లేదో రెండుసార్లు చూసి, ప్లగ్గు పెట్టాడు. ఏమీ అవలేదు. నాకు ప్రాణం లేచివచ్చినట్టయింది. ఆయన కదల్లేదు. నేను వంటింట్లోకి తిరిగేసరికి వెనక బర్రుమంది. బటన్ ఆపే ఉంది. బ్లేడు తిరుగుతోంది. నాన్న బటన్ అటూ ఇటూ తిప్పాడు, అది ఆగలేదు. ప్లగ్గు పీకాడు.

"ఆ నంబరు మనదని ఆళ్లకెవరు సెప్పినారే?" అన్నాడు, నా వైపు చూడకుండా.

"నేనే" అన్నాను.

కొట్టలేదు, తిట్టలేదు. చొక్కా వేసుకుని పక్కింటికి వెళ్లాడు. గోడ అవతల ఆయన చెప్పడం వినపడింది, ఆపితే తిరిగింది చెల్లీ, నా కళ్లతో చూశాను అని. అప్పుడు వినపడింది అత్త ఏడుపు. మూడేళ్లలో మొదటిసారి.

మర్నాడు సెలవు పెట్టి ఇద్దరూ దుర్గ్ వెళ్లారు. ఆర్డరు మళ్లీ చూడమని దరఖాస్తు పెట్టారు. నాన్న అఫిడవిట్ ఇచ్చాడు. టోకెన్ నాది, కొన్నది ఆమె, ఆపిన మిక్సీ నా ముందు తిరిగింది, ఆ రోజు రాకపోవడం నా తప్పు. కింద సంతకం. నా గురించి ఒక్క ముక్క లేదు అందులో. విజిలెన్స్ వాళ్లూ ఎవరూ రాలేదు. ఆయన రిటైరయ్యేదాకా కూడా రాలేదు.

దానికి కంపెనీ తరఫు జవాబు నేను కొట్టాను. ఉద్యోగం మానెయ్యొచ్చు కదా అని మీరు అడగొచ్చు. మానలేదు. సాబ్ నిలబడి చెప్తుంటే కొట్టుకుంటూ పోయాను. ఈ సాక్షి కోర్టు పిలిచినప్పుడు రాలేదు. తన నంబరు ఇతరులకిచ్చి కంపెనీని మోసం చేసినట్టు తానే ఒప్పుకున్నాడు. కాబట్టి ఇతని మాట నమ్మదగినది కాదు. ఆ కాగితంలో ఒక్క తప్పు లేదు. సాబ్ రెండు పేజీలూ తిరగేసి, మగ టైపిస్టు ఊసు మళ్లీ ఎత్తలేదు.

దరఖాస్తు ఖారిజ్ అయింది. కొట్టేశారు. బలమైన కారణం కనబడలేదు అని ఒకటే వాక్యం. పై కోర్టు జబల్పూర్‌లో. అంత దూరం వెళ్లే ఓపిక ఇద్దరికీ లేదు.

ఆ సాయంత్రం ఇద్దరూ మా గుమ్మం ముందు కూర్చున్నారు. నాన్న జేబులోంచి కంపెనీ జవాబు నకలు తీసి నాకిచ్చాడు. "సదువు. దీనికీ తెలియాల. తెలుగులో సదువు" అన్నాడు. ఆయనకు హిందీ కొంత చదవడం వచ్చు. అయినా నా చేతే చదివించాడు.

చదివాను. ఏదీ దాటెయ్యలేదు. మోసం అన్న చోట మోసం అన్నాను. ఈ సాక్షి మాట నమ్మదగినది కాదు అన్న చోట, ఆ సాక్షి నా ఎదురుగా మోకాళ్లు పట్టుకుని కూర్చుని వింటున్నాడు. అత్త చెయ్యి కొంగులో దాచుకుని వింది. చివరిదాకా వింది.

నేను కాగితం మడిచాక లేచి నిలబడింది.

"ఒక్క ముక్కా తడబడనేదు" అంది. "తెలుగు బాగా వొచ్చీసిందే నీకు."

ఈసారి నవ్వలేదు.